సిలువ మార్గంలో ముందు దేన్ని చూడాలి: మన పాపాన్నా, ఆయన ప్రేమనా?

మీరు అడిగినవి మూడు. తపస్కాలంలో (ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస కాలంలో) ప్రతి శుక్రవారం సిలువ మార్గం (యేసు శ్రమలను పద్నాలుగు స్థలాల దగ్గర ఆగుతూ ధ్యానించే ప్రార్థన) చేసి గుడి బయటికి వచ్చేసరికి "నా వల్లే యేసు చనిపోయాడు" అన్న బరువు తప్ప ఏమీ మిగలడం లేదు, కొన్ని వారాలైతే మనసు రాయిలా ఉండి ఆ బరువు కూడా తెలియడం లేదు అన్నది మొదటిది. వేరే సంఘానికి వెళ్లే మీ స్నేహితుడు "తండ్రి తన కోపమంతా కుమారుడి మీద కుమ్మరించాడు" అంటున్నాడు, అది మన కతోలిక శ్రీసభ బోధనేనా అన్నది రెండోది. వచ్చే శుక్రవారం మీ విచారణలో (పారిష్‌లో) సిలువ మార్గం నడిపించమని ఫాదర్ గారు మీకు అప్పగించారు, ఎలా చేయాలన్నది మూడోది. రెండోదానితో మొదలుపెడతాను. అది తేలకుండా మిగతా రెండూ తేలవు.

తండ్రికి కోపం వచ్చింది, ఎవరినో ఒకరిని కొడితే గానీ ఆ కోపం చల్లారదు, మన బదులు కొడుకు నిలబడి దెబ్బలు తిన్నాడు: ఇది కతోలిక బోధ కాదు. శ్రీసభ బోధనల అధికారిక గ్రంథమైన కతోలిక శ్రీసభ సత్యోపదేశం 603వ పేరా ఈ విషయంలో సందేహానికి చోటివ్వదు. యేసు తానే పాపం చేసినట్టుగా తండ్రి చేత తోసివేయబడలేదు, తనను తండ్రితో ఎప్పుడూ కలిపి ఉంచిన ప్రేమతో మన దూరాన్ని తన మీద వేసుకున్నాడు. ఆ పక్క పేరాలోనే, మన వైపు ఏ యోగ్యతా లేకముందే దేవుని ప్రేమ ముందుగా కదిలిందని ఉంటుంది. రోమీయులకు రాసిన లేఖ 5:8లో పౌలుగారి మాట అదే: మనం ఇంకా పాపులుగా ఉన్నప్పుడే క్రీస్తు మన కోసం మరణించాడు. వరస గమనించండి. యేసు మరణించాక దేవుడు మనల్ని ప్రేమించడం మొదలుపెట్టలేదు. ప్రేమించాడు కాబట్టి కుమారుణ్ణి పంపాడు.

పునీత తోమాసు అక్వీనాసు ఈ ప్రశ్నను 13వ శతాబ్దంలోనే విడమరిచి చూశారు. తన దైవశాస్త్ర గ్రంథం సుమ్మా మూడో భాగం 46వ ప్రశ్నలో ఆయన చెప్పేది ఇది: దేవుడు తలచుకుంటే మనల్ని వేరే దారిలోనూ విడిపించగలడు, సిలువ ఆయనకు బలవంతం కాదు. మరి ఎందుకు ఎంచుకున్నాడు? ఆయన ఇచ్చే కారణాల్లో మొట్టమొదటిది, దేవుడు మనిషిని ఎంత ప్రేమిస్తున్నాడో మనిషికి తెలిసి తిరిగి ప్రేమించేలా కదలడం కోసం. 47వ ప్రశ్నలో ఇంకో అడుగు వేస్తారు. తండ్రి కుమారుణ్ణి అప్పగించాడంటే అర్థం, మన కోసం బాధపడాలన్న కోరికను ప్రేమ ద్వారా ఆయన మనసులో నింపాడని. అంటే కొట్టే చెయ్యి ఒకరిది, దెబ్బ తినే వీపు ఇంకొకరిది అన్నట్టు తండ్రీ కుమారులను విడదీయడానికి లేదు. యోహాను 10:18 చదవండి: నా ప్రాణం నా దగ్గర నుంచి ఎవరూ తీసుకోరు, నేనే దాన్ని ధారపోస్తున్నాను. ఇక పరిమాణం సంగతి. ఆరో క్లెమెంటు జగద్గురువులు (పోప్) 1343లో రాసిన అధికార పత్రంలో, లోక రక్షణకు క్రీస్తు రక్తం ఒక్క బొట్టే సరిపోయేదని చెప్పారు. అవసరమైనదానికంటే ఎంతో ఎక్కువ ధారపోయడం బాకీ తీర్చే లెక్కలోకి రాదు. ప్రేమ లెక్క చూసుకోదు.

మీ స్నేహితుడు యెషయా 53 చూపిస్తాడు. చూపించనివ్వండి, మీరూ అదే అధ్యాయం చదవండి. నాలుగో వచనంలో "దేవుడు ఇతణ్ణి కొట్టాడని మనం అనుకున్నాం" అన్న అర్థంలో ఒక మాట ఉంది. అనుకున్నది మనం. మన దోషాల వల్ల ఆయన గాయపడ్డాడన్నది తర్వాతి వచనంలో తెలిసే నిజం. "నా దేవా, నా దేవా, నన్నెందుకు విడనాడితివి" అని సిలువ మీద యేసు వేసిన కేక 22వ కీర్తన మొదటి మాట. ఆ కీర్తనను చివరిదాకా చదివితే 24వ వచనంలో, దేవుడు ఆ దీనుడి నుంచి తన ముఖం దాచుకోలేదని, అతడు మొరపెట్టినప్పుడు విన్నాడని కనిపిస్తుంది. దీనివల్ల ఆ వేదన నటన అయిపోదు. నిజంగా మన చీకటిలోకి దిగి అక్కడి నుంచి ఆయన పిలిచాడు. దేవుని కోపం అనే మాట బైబులులో లేదా అంటే ఉంది. పాపంతో దేవుడు రాజీపడడు అని దాని భావం. మిమ్మల్ని చంపుతున్న జబ్బు మీద వైద్యుడికి ఎంత పగ ఉంటుందో అలాంటిది. స్నేహితుడితో ఇది వాదనకు దించకండి. రోమీయులకు 5వ అధ్యాయం ఇద్దరూ కలిసి చదవండి, చాలు.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్నకు వద్దాం. ప్రేమే కారణమైతే ఇంత హింస ఎక్కడ నుంచి వచ్చింది? మన దగ్గర నుంచి. సత్యోపదేశం 1851వ పేరా, పాపం తన అసలు రూపాన్ని యేసు శ్రమల సమయంలోనే బయటపెట్టిందంటూ వరసగా పేర్లు చెబుతుంది: అవిశ్వాసం, చంపాలన్నంత ద్వేషం, పెద్దల, ప్రజల తిరస్కారం, ఎగతాళి, పిలాతు పిరికితనం, సైనికుల క్రూరత్వం, యూదా ద్రోహం, పేతురు బొంకు, శిష్యుల పరుగు. నా దృష్టిలో తపస్కాలానికి ఇంతకంటే మంచి ఆత్మ పరిశీలన పట్టిక లేదు. "నా పాపాలే మేకులు" అని గుడిలో అందరితో కలిసి చెప్పే మాట నిజమే, కానీ మరీ పెద్దది. ఏ పాపం, ఏ మేకు అన్నది లేకపోతే అది గుండెల మీద ఒక మబ్బులా కూర్చుంటుంది గానీ మారుమనస్సు తేదు. మీ బరువుకు సగం కారణం ఇదేనని నాకనిపిస్తోంది.

దానికి గురువారం రాత్రి చేయగల పని ఒకటుంది. మార్కు సువార్త 14, 15 అధ్యాయాలు పెదాలు కదిలేలా చదవండి. నెమ్మదిగా చదివినా ఇరవై నిమిషాలకు మించదు. చదువుతూ ఉండగా ఎక్కడో ఒకచోట మిమ్మల్ని మీరు చూసుకుంటారు. అక్కడ ఆగండి. ఆఫీసులో తప్పు అని తెలిసీ సంతకం పెట్టి "నాదేం లేదు, పైవాళ్లు చెప్పారు" అనుకున్నవాడు పిలాతు చేతులు కడుక్కున్న నీళ్ల పళ్లెం దగ్గర ఆగుతాడు. ఆ పళ్లెం మత్తయి 27:24లో ఉంటుంది. స్నేహితుల మధ్య తన విశ్వాసం గురించి మాట వస్తే తేలిగ్గా దాటేసినవాడు ప్రధానార్చకుడి ఇంట్లో పేతురు బొంకిన మంట దగ్గర ఆగుతాడు. తోటివాడు పైకి వస్తుంటే ఓర్వలేనివాడు మార్కు 15:10 దగ్గర ఆగాలి, ఎందుకంటే యేసును అసూయతోనే అప్పగించారని పిలాతుకు తెలుసని అక్కడ రాసి ఉంది. కట్నం బేరం, కూలీ ఎగ్గొట్టడం, గుడిలో పక్కన కూర్చున్నవాడి కులం ఆరా తీయడం కూడా ఈ అధ్యాయాల్లో చోటు చూసుకుంటాయి. పాపమంటే గదిలో ఒంటరిగా చేసేవే అనుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది. యేసును చంపిన పాపాల్లో చాలా భాగం నలుగురూ కలిసి, పద్ధతిగా, కాగితం మీద చేసినవి.

ఒక్క పాత్ర చాలు. ఒక్క పాపం చాలు. దాన్ని కాగితం మీద ఒక వాక్యంలో రాసుకోండి. తర్వాత ఆ పాత్ర వైపు యేసు ఎలా చూశాడో చదవండి. ఇది తప్పకుండా చేయాలి, దీన్ని వదిలేస్తే మళ్లీ బరువే మిగులుతుంది. కోడి కూసినప్పుడు ప్రభువు వెనక్కి తిరిగి పేతురు వైపు చూశాడు, లూకా 22:61. పేతురు బయటికి వెళ్లి వెక్కివెక్కి ఏడ్చాడు. యూదా కూడా పశ్చాత్తాపపడ్డాడు, ముప్పై వెండి నాణేలు తిరిగి ఇచ్చేశాడు, "పాపం చేశాను" అని నోటితో ఒప్పుకున్నాడు కూడా. పైకి చూస్తే పేతురు కంటే ఎక్కువే చేశాడు. కానీ ఆ ఒప్పుకోలు యాజకుల దగ్గర ఆగిపోయింది, యేసు ముఖం దాకా వెళ్లలేదు. తనను తానే చూసుకుంటూ నలిగిపోయే బాధ, ఆయన ముఖం చూసి కరిగే బాధ రెండూ ఒకటి కావు. నాలుగో శుక్రవారం కూడా మీకు మొదటిదే మిగులుతోందంటే సిలువ మార్గంలో మీరు మీ వైపే చూసుకుంటున్నారని అర్థం. ఇందులో తిట్టడం ఏమీ లేదు, దాదాపు అందరూ అక్కడి నుంచే మొదలవుతారు.

శ్రీసభ కూడా పశ్చాత్తాపాన్ని రెండు రకాలుగా చెబుతుంది. శిక్షకు భయపడో, పాపం అసహ్యంగా ఉందనో కలిగేది ఒకటి. అదీ దేవుని వరమే, దానితో పాపసంకీర్తనానికి (గురువు, అంటే ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి) వెళ్తే క్షమాపణ దొరుకుతుంది. రెండోది దేవుణ్ణి అన్నిటికంటే ఎక్కువగా ప్రేమించడం వల్ల కలిగేది, ఉత్తమ మనస్తాపం అంటాం. సిలువ మార్గం మనల్ని మొదటిదాని నుంచి రెండోదానికి నడిపించే దారి. అందుకే "చూడు నువ్వేం చేశావో" అని మాత్రమే చెప్పే ధ్యానం సగంలోనే ఆగిపోతుంది. గలతీయులకు 2:20లో పౌలుగారు "నన్ను ప్రేమించి నా కోసం తన్ను తాను అప్పగించుకున్నాడు" అన్నారు. ఆయన సంఘాన్ని హింసించినవాడు, స్తెఫాను హత్యను ఆమోదించినవాడు. అలాంటివాడు "నా వల్ల" అన్న దగ్గర ఆగకుండా "నా కోసం" అనగలిగాడు.

మనసు రాయిలా ఉంటోందన్నారు. దానికి కంగారు పడొద్దు. కన్నీళ్లు వరం, కొలమానం కాదు. పునీత లొయోలా ఇగ్నేషియసు తన ఆధ్యాత్మిక సాధనలో మూడో వారమంతా శ్రమల ధ్యానానికే కేటాయించి, దుఃఖాన్ని "అడగమని" చెప్పారు. మనంతట మనం పుట్టించుకోగలిగేదైతే అడగమని చెప్పేవారు కాదు. సిలువ ముందు వేసుకోవడానికి ఆయన మూడు ప్రశ్నలు ఇచ్చారు: క్రీస్తు కోసం నేను ఏం చేశాను, ఏం చేస్తున్నాను, ఏం చేయాలి? మూడోదానికి జవాబు ఈ వారంలో చేయగలిగేంత చిన్నదిగా ఉండాలి. "మంచివాడిగా మారతాను" జవాబు కాదు. "శనివారం అన్నయ్యకు ఫోన్ చేసి మాట్లాడతాను" జవాబు.

ఇంకో సంగతి, ఇది చాలామంది ఉపదేశుల శిక్షణలో కూడా చెప్పరు. పదకొండో భక్తినాథ జగద్గురువులు, అంటే పోప్ పయస్, 1928 మే 8న యేసు తిరుహృదయానికి పరిహారం గురించి రాసిన విశ్వలేఖలో ఇలా అన్నారు: ఇంకా పుట్టని మన పాపాలు ముందుగానే కనబడి గెత్సెమనీ తోటలో ప్రభువు ఆత్మను దుఃఖపెట్టాయంటే, మనం చేయబోయే ప్రేమకార్యాలు కూడా ముందుగానే కనబడి ఆయనను ఓదార్చి ఉంటాయి. లూకా 22:43లో దేవదూత వచ్చి ఆయనను బలపరచినట్టుంది కదా, ఆ మాటను జగద్గురువులు ఇక్కడ ముడివేశారు. రోమీయులకు 6:9 ప్రకారం ఉత్థానమైన క్రీస్తుకు ఇక మరణం లేదు, మీరు ఈ రోజు చేసిన పాపం ఆయనకు కొత్తగా మేకు కొట్టదు. కానీ ఆ రాత్రి ఆయన మోసినవాటిలో మీ పాపం ఉంది. మీరు ఈ శుక్రవారం ఏ అనుభూతీ లేకుండా మోకరించిన ఆ అరగంట కూడా ఉంది.

అయితే బరువు దానికదే పెరుగుతూ, చెప్పిన పాపమే మళ్లీ మళ్లీ చెప్పాలనిపిస్తూ, క్షమాపణ దొరికిందా లేదా అన్న అనుమానం నిద్ర పట్టనివ్వకపోతే, అది వేరే సంగతి. అప్పుడు శ్రమల ధ్యానాలు ఇంకా పెంచకండి, తగ్గించండి. ఒకే గురువు దగ్గర పాపసంకీర్తనం చేస్తూ ఆయన చెప్పినదానికి కట్టుబడండి. రోజంతా ఈ ఆలోచనలే చుట్టుముడుతుంటే వైద్యుణ్ణి కలవడం విశ్వాసానికి లోటు కాదు.

ఇక నడిపించడం. ముందు సమయం లెక్క వేసుకోండి, ఎందుకంటే సిలువ మార్గం చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే. స్థలానికి మూడు నిమిషాలు. స్థలం పేరు చెప్పి, "క్రీస్తువా, మిమ్ము ఆరాధించి..." అంటూ మోకరించి లేవడానికి 20 సెకన్లు, వాక్యానికి 25, ధ్యానానికి 45, మౌనానికి 30, చిన్న ప్రార్థనకు 20, తర్వాతి స్థలానికి నడుస్తూ పాట ఒక చరణానికి 40. పద్నాలుగు స్థలాలకు 42 నిమిషాలు, ముందు వెనక ప్రార్థనలతో 50. ధ్యానం 45 సెకన్లంటే సుమారు 70 పదాలు, చేతిరాతలో అర పేజీ. ప్రతి స్థలంలో పరలోక జపం, మంగళవార్త జపం, త్రిత్వస్తోత్రం చెప్పే అలవాటు మీ విచారణలో ఉంటే ఇంకో పదమూడు నిమిషాలు కలుస్తాయి. అప్పుడు ధ్యానాన్ని 40 పదాలకు దించండి, మౌనాన్ని మాత్రం కోయకండి. ఆలస్యమయ్యేసరికి నాయకులు మొదట కోసేది మౌనాన్నే. జనం దేవుడితో సొంతంగా మాట్లాడుకునే సమయం అదొక్కటే. మనసులో నెమ్మదిగా ముప్పై దాకా లెక్కపెట్టండి, నాయకుడికి అది చాలా ఎక్కువ అనిపిస్తుంది, జనానికి అనిపించదు.

ధ్యానం రాసేటప్పుడు రక్తం గురించి ఎక్కువ రాయకండి. కొరడాకు ఎన్ని లోహపు గుండ్లు ఉండేవి, మేకు ఏ నరాన్ని చీల్చింది అని వర్ణించే పాఠాలు చాలా తిరుగుతున్నాయి. సువార్తికులు ఏం చేశారో చూడండి. మార్కు 15:24లో సిలువ వేయడం ఒక్క మాటతో అయిపోతుంది, "ఆయనను సిలువ వేసి" అంతే, వెంటనే బట్టలు పంచుకోవడం మొదలవుతుంది. వాళ్లకు వివరాలు తెలియక కాదు, అప్పటి జనం సిలువ శిక్షను కళ్లారా చూసినవాళ్లే. గాయాల్ని కొలిస్తే జాలి పుడుతుంది. జాలి ఇంటికి వెళ్లేలోగా ఆరిపోతుంది. ఆ గాయాల్లోంచి ఆయన ఎవరితో ఏం మాట్లాడాడో చెబితే అది మనిషి వెంట వెళ్తుంది.

"యూదులు చంపారు" అని రాయకండి. ఇది మర్యాద కోసం చెబుతున్న మాట కాదు, శ్రీసభ బోధ. రెండో వాటికన్ మహాసభ 1965 అక్టోబరు 28న వెలువరించిన ప్రకటన, ఆనాటి యూదులందరి మీదగానీ నేటి యూదుల మీదగానీ ఆ నేరం మోపకూడదని చెప్పింది. సత్యోపదేశం 598వ పేరా ఇంకా గట్టిగా, తెలిసి తెలిసి పాపం చేసే క్రైస్తవుల బాధ్యత ఎక్కువ అంటుంది. శ్రమల నాటకం వేసే విచారణల్లో యాజకులకు వికారమైన వేషాలు వేసి జనం చేత తిట్టించడం చూస్తుంటాం. అలా చేస్తే ప్రేక్షకుడు తన పాపాన్ని వేరే జాతి మీద పెట్టి తేలిగ్గా ఇంటికి పోతాడు.

వాక్యాల ఎంపికలో ఒక చిక్కు ఉంది. మూడు పడిపోవడాలు, తల్లిని దారిలో కలవడం, వెరోనికమ్మ యేసు ముఖం తుడవడం, దేహాన్ని తల్లి ఒడిలో ఉంచడం సువార్తల్లో లేవు, అవి ఫ్రాన్సిస్కను భక్తి సంప్రదాయంలో పెరిగినవి. స్థలాల సంఖ్యను పద్నాలుగుగా 1731లో పన్నెండో క్లెమెంటు జగద్గురువులు స్థిరపరిచారు. ఆ స్థలాల్లో నోటికి వచ్చిన కథ చెప్పకుండా బైబులు నుంచే చదివించండి: మొదటి పడిపోవడానికి యెషయా 53:4-6, తల్లికి లూకా 2:34-35, వెరోనికమ్మకు కీర్తన 27:8-9, రెండో పడిపోవడానికి కీర్తన 38 నుంచి నాలుగు వచనాలు, మూడోదానికి కీర్తన 22:15. పూర్తిగా సువార్త నుంచే కావాలనుకుంటే, రెండో జాన్ పాల్ జగద్గురువులు 1991 పవిత్ర శుక్రవారం కొలోసియంలో నడిపించిన క్రమం ఉంది. అది గెత్సెమనీతో మొదలై సమాధితో ముగుస్తుంది, పేతురు బొంకు, మంచి దొంగ అందులో స్థలాలుగా ఉంటాయి. తపస్కాలంలో ఒక్క వారం దాన్ని చేసి చూడమని ఫాదర్ గారిని అడగొచ్చు.

కొన్ని స్థలాల్లో తరచూ జరిగే పొరపాట్లు చెబుతాను. నాలుగో స్థలంలోనూ పదమూడోదానిలోనూ మరియతల్లిని సొమ్మసిల్లి పడిపోయినట్టు రాస్తుంటారు. యోహాను 19:25లో ఆమె సిలువ దగ్గర "నిలిచి" ఉంది. ఆ నిలబడటమే ఆమె విశ్వాసం. అయిదో స్థలంలో సీమోను ఇష్టపడి రాలేదు, పొలం నుంచి వస్తుంటే పట్టుకుని మోయించారు. మంచం పట్టిన అత్తగారిని విసుగుతోనే చూసుకుంటున్న కోడలు ఆ మాట వింటే ఊపిరి పీల్చుకుంటుంది. ఇష్టం లేకుండా మొదలైన మోత కూడా ఆయన సిలువే. అలెగ్జాండరు, రూఫు అని మార్కు సీమోను కొడుకుల పేర్లు చెప్పాడంటే ఆ కుటుంబం తర్వాత సంఘంలో తెలిసినవాళ్లే అయ్యుండాలి. ఎనిమిదో స్థలానికి "స్త్రీలను ఓదార్చుట" అని పేరు ఉంది గానీ లూకా 23:28 చదివితే అది హెచ్చరిక: నా కోసం కాదు, మీ కోసం, మీ పిల్లల కోసం ఏడవండి. క్రీస్తు మీద జాలిపడి మారకుండా వెళ్లిపోయే మనందరికీ చెప్పిన మాట అది, దాన్ని మెత్తబరచకండి. పదో స్థలంలో బట్టలు ఊడదీసి నిలబెట్టారు. ఒక అమ్మాయి ఫోటోనో వీడియోనో ఫోన్ నుంచి ఫోన్‌కు పంపేవాళ్లు యువజనుల వరసల్లోనే కూర్చుని ఉండవచ్చు. ఆ పాపానికి పేరు పెట్టి చెప్పాల్సిన చోటు ఇదే.

మూడుసార్లు పడిపోవడం గురించి ఇంకొంచెం చెప్పాలి. మూడుసార్లూ అదే ధ్యానం తిప్పి రాస్తే జనం నిద్రపోతారు. మొదటి పడిపోవడాన్ని అనుకోకుండా చేసిన పాపానికి, రెండోదాన్ని ఒట్టు పెట్టుకుని కూడా మళ్లీ చేసినదానికి, మూడోదాన్ని "ఇక నేను మారను" అన్న నిరాశకు చెప్పండి. మద్యం మానలేక ప్రతి తపస్కాలంలో అదే పాపం చెప్పుకునే మనిషి మీ ముందు మోకరించి ఉంటాడు. తొమ్మిదో స్థలం అతనిది. యేసులో పాపం లేదు, ఆయన పడింది బరువుకు. కానీ పడిన ప్రతిసారీ నేల మీద మన పక్కన ఉన్నాడు, ఎక్కడికి లేస్తున్నాడో తెలిసి కూడా లేచాడు. ఈ రెండు వాక్యాలు చెప్పి ఆపేయండి. అక్కడ ఉపదేశం పనికిరాదు.

పన్నెండో స్థలం దగ్గర మిగతావాటి వేగంతో వెళ్లకూడదు. ప్రాణం విడిచిన వాక్యం కాగానే అందరూ మోకరించాలి, రెండు నిమిషాలు పూర్తి మౌనం. మైకు ఆపేయండి, వీలైతే సిలువ దగ్గరి దీపం ఒకటి ఉంచి మిగతా లైట్లు తీయండి. పాట పాడేవాళ్లకు ముందే చెప్పకపోతే నిశ్శబ్దం భరించలేక ఎవరో ఒకరు అందుకుంటారు. సియెన్నా పునీత కత్తరీనమ్మ, ప్రేమ పట్టి ఉంచకపోతే మేకులు ఆయనను సిలువ మీద ఉంచలేకపోయేవి అన్న అర్థంలో రాశారు. ధ్యానానికి ఆ ఒక్క మాట చాలు.

సామాన్లూ మనుషులూ: సిలువ మోసేవారు ఒకరు, కొవ్వొత్తులతో ఇద్దరు పీఠ బాలురు, వాక్యం చదవడానికి ఇద్దరు లేక ముగ్గురు. పద్నాలుగు మందిని పెడితే ప్రతిసారీ మైకు చేతులు మారి సమయం పోతుంది. చదివేవాళ్లకు కాగితాలు బుధవారానికే ఇవ్వండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు కూర్చోవచ్చని మొదటే చెప్పండి, లేకపోతే మొహమాటానికి ఇబ్బంది పడతారు. గుణదలలోలాగా కొండ మీదికో, వీధుల్లోనో చేసేటట్టయితే మార్చి, ఏప్రిల్ ఎండను లెక్కలోకి తీసుకోండి. ఉదయం ఏడులోపు గానీ సాయంత్రం అయిదున్నర తర్వాత గానీ పెట్టుకుని, నాలుగో స్థలం, తొమ్మిదో స్థలం దగ్గర మంచినీళ్లు ఉంచండి. పిల్లలకు వేరుగా చేస్తే స్థలానికి ఒక వాక్యం, ఒక బొమ్మ, మొత్తం ఇరవై నిమిషాలు, అంతే.

పరిపూర్ణ ఇండల్జెన్సు గురించి ఎవరైనా తప్పక అడుగుతారు. క్షమింపబడిన పాపాలకు మిగిలిన శిక్ష నుంచి శ్రీసభ ఇచ్చే విముక్తి అది. నియమాల ప్రకారం ప్రతిష్ఠించిన పద్నాలుగు సిలువలు ఉండాలి, పటాలు లేకపోయినా ఫర్వాలేదు. ఒక స్థలం నుంచి ఇంకోదానికి కదలాలి, జనం ఎక్కువైతే నాయకుడు కదిలితే చాలు. శ్రమలను ధ్యానించాలి. దీనికి తోడు పాపసంకీర్తనం, దివ్యసత్ప్రసాద స్వీకరణ, జగద్గురువుల ఉద్దేశాల కోసం ప్రార్థన, ఏ పాపం మీదా మమకారం లేకపోవడం కావాలి. మంచం మీద ఉన్నవాళ్లు, గుడికి వెళ్లే వీలే లేని చోట పనిచేసే మనవాళ్లు కనీసం పావుగంట శ్రమల వృత్తాంతం చదివి ధ్యానిస్తే అదే ఫలం దొరుకుతుంది.

చివరగా పద్నాలుగో స్థలం. సమాధి దగ్గర ఉత్థానం గురించి ఒక వాక్యం ప్రార్థనలో చెప్పండి, కానీ పండుగ పాటతో ముగించకండి. జనం నిశ్శబ్దంగా బయటికి వెళ్లనివ్వండి. మీ ధ్యానాలు నిజంగా తగిలితే, అక్కడే కొందరికి పాపసంకీర్తనం చేసుకోవాలనిపిస్తుంది. ఆ సమయానికి గురువు లేకపోతే పవిత్ర వారం రద్దీలో నిలబడే ఓపిక లేక చాలామంది వెనక్కి వెళ్లిపోతారు. కాబట్టి సిలువ మార్గం తర్వాత అరగంట పాపసంకీర్తనానికి కూర్చోమని ఫాదర్ గారిని ఈ రోజే అడగండి, ఆదివారం పూజ చివర ప్రకటనల్లో ఆ సమయం చెప్పించండి.